మూలగోడ మీద ఆటగాడు

అభిజిత్ వేలు విరగడానికి హనుమక్క దండే కారణమని కబ్బన్‌పేట సందుల్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. టీ అంగడి దగ్గర ఒక రకంగా, పిండిమర దగ్గర ఇంకో రకంగా. చెప్పే నోరు మారినప్పుడల్లా దండ మూరెడు పెరుగుతుంది. నల్లదారంతో కట్టిందని ఒకరు, మడకశిర నుంచి మంత్రించి తెప్పించిందని ఇంకొకరు. అభిజిత్ పేరుమోసిన క్రికెట్ ఆటగాడు, ఈ ఊళ్లో పుట్టిన బిడ్డ. దేశమంతా టీవీల ముందు కూర్చున్న రోజున మొదటి బంతికే వేలు పట్టుకుని కూలబడ్డాడు. దానికి పూలమ్ముకునే మనిషిని దోషిని చేయడం ఎంత న్యాయమో వినేవాళ్లే తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు జరిగింది జరిగినట్టు తెలియాలి.

అలా తెలిసిన మనిషి అక్కయమ్మ ఒక్కతే. ఆమె ఇల్లు సరిగ్గా హనుమక్క కూర్చునే మూలకు ఎదురుగా ఉంది. కంటికి కనబడింది చూసింది, చెవిన పడింది విన్నది, ఆ రెంటికీ అందనిది వెళ్లి అడిగి తెలుసుకున్నది. పక్కింట్లో సాంబారులో ఉప్పు తక్కువైనా మా అత్తకు తెలిసిపోతుందని ఆమె కోడలు అంటుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

హనుమక్కది మడకశిర పక్క పల్లె. పెళ్లయి ఈ సందులోకి వచ్చేనాటికి ఆమె మొగుడు బసవరాజు శ్రీనివాసప్ప షెడ్డులో పట్టుమగ్గం నడిపేవాడు. అత్త చెన్నమ్మ ఆ షెడ్డు గోడ మూలన పూలబుట్ట పెట్టుకుని కూర్చునేది. కొత్తకోడలికి ఆమె మొదట నేర్పింది వంట కాదు, చూడకుండా పూలు కట్టడం. “పూలను చూస్తా కూచుంటే కొనేవాళ్లను ఎవురు చూస్తారే” అనేది. హనుమక్క చేతులు ఆ మాటను ఎంతగా పట్టుకున్నాయంటే, ఎవరితోనైనా పోట్లాడుతున్నా వేళ్లు మాత్రం మల్లెల్ని జతలు జతలుగా దారానికి ఎక్కిస్తూనే ఉంటాయి.

చెన్నమ్మ పోయాక మూల హనుమక్కదయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఇరుకు సందుల్లో మగ్గాలు నడపడం కుదరక శ్రీనివాసప్ప వాటిని దొడ్డబళ్ళాపురం తరలించాడు. మగ్గం వెంట బసవరాజూ వెళ్లాడు. పెళ్లాన్ని కూడా రమ్మన్నాడు.

“నీ మగ్గం యాడికన్నా పోతాది. నా మూల నా వెంట రాదు గదా” అంది హనుమక్క.

అప్పట్నుంచి అతను శనివారం రాత్రికి వచ్చి సోమవారం తొలి బస్సుకు వెళ్లిపోతాడు. “ఏమే, మొగుడు కాస్తా చుట్టమైనాడే” అని అక్కయమ్మ ఎగతాళి చేస్తే, “చుట్టం వచ్చినపుడే గదమ్మా కోడికూరకు రుచి” అని నవ్వేసేది.

మగ్గాలు పోయాక షెడ్డు మూతబడింది. మూతబడిన గోడ కనిపిస్తే మగవాళ్లకు తోచే ఉపయోగం ఒక్కటే. మార్కెట్‌కు సరుకు దించి వెళ్లేవాళ్లు, ఆటోవాళ్లు, టీ తాగిపోయేవాళ్లు, అందరికీ ఒంటికి పోవడానికి ఆ గోడే దొరికింది. పొద్దు వాలితే చాలు, వరసగా వచ్చి నిలబడేవాళ్లు. దేవుడి పటానికి పెట్టే పూలను అలాంటి చోట ఎవరు కొంటారు? శుక్రవారం తప్పకుండా వచ్చే ఆడవాళ్లు కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అవతలి వైపు నడిచి పోసాగారు. హనుమక్క రోజూ పొద్దున్నే బిందెల కొద్దీ నీళ్లు కొట్టి, ఫినాయిలు పోసి, ఊదొత్తులు వెలిగించి కూర్చునేది. సాయంత్రానికి కథ మళ్లీ మొదటికి వచ్చేది.

శ్రీనివాసప్ప అందరూ చేసే పనే చేశాడు. అన్ని మతాల దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ తెచ్చి గోడకు అతికించాడు. కొన్నాళ్లు గోడ పొడిగానే ఉంది. తర్వాత మగవాళ్లు టైల్స్‌కు ఒక దండం పెట్టుకుని, భక్తిగా పక్కకు జరిగి నిలబడటం నేర్చుకున్నారు. ఆ పక్క అంటే సరిగ్గా హనుమక్క బుట్ట వైపు.

ఒక పొద్దున హనుమక్క ఉలి, సుత్తి తెచ్చుకుని టైల్స్ ఊడదీస్తుంటే చూసి అక్కయమ్మ పళ్లు తోముకుంటూనే పరుగెత్తుకొచ్చింది.

“ఏమే, దేవుళ్లను పీకుతా ఉండావు?”

“పీకేది కాదమ్మా, ఇంటికి తీస్కపోతా ఉండా. మోరీ కాడ కాపలా పెట్టేకి దేవుడేమన్నా వాచ్‌మన్నా?”

“మళ్ల గోడకు దిక్కెవురు?”

“దేవుడు క్షమిస్తాడని వాళ్లకు తెలుసు. అందుకే భయం లేదు. వాళ్లు సిగ్గుపడే మనిషిని పెట్టాల.”

ఆ మనిషి ఎవరన్న దాని మీద ఇద్దరూ ఆ పొద్దంతా తర్జనభర్జన పడ్డారు. సినిమా హీరోను రాయించమంది అక్కయమ్మ. “ఒక హీరోను పెడితే ఇంకో హీరో వాళ్లు పేడ కొడతారు” అంది హనుమక్క. పోనీ రాజకీయ నాయకుణ్ని పెట్టమంటే, “ఎలక్షన్ వచ్చిందంటే గుడ్డ కప్పేస్తారు. ఆ నెలంతా మనవాళ్లకు పండగే” అంది.

ఆ వారం టీ అంగడి దగ్గర జనం ఒకే మొబైల్ మీద తలలు వాల్చి మ్యాచ్ చూస్తున్నారు. కన్నడం వాళ్లు, తెలుగువాళ్లు, అరవంవాళ్లు, హిందీ మాట్లాడే కూలీలు, అందరి నోటా ఒకటే పేరు. హనుమక్క అటు చెవి ఒగ్గి విన్నది. ఆమెకు క్రికెట్ తెలియదు. ఎవరు ఎటు పరుగెత్తితే ఎవరు గెలిచినట్టో ఈ రోజుకీ తెలియదు. అభిజిత్ మొహం మాత్రం వంటనూనె ప్యాకెట్ మీద రోజూ చూసేదే.

ఆ ప్యాకెట్‌ను సబ్బు పెట్టి కడిగి, ఆరబెట్టి, ఓబళప్ప దగ్గరికి పట్టుకెళ్లింది. ఓబళప్ప ఒకప్పుడు పేట మొత్తానికి బోర్డులు రాసినవాడు. ఫ్లెక్సులు వచ్చాక బళ్ల నంబరు ప్లేట్లు రాసుకుంటున్నాడు. మనిషి మొహం గీసి చాలా కాలమైందని అతని వేళ్లు తెగ ఉబలాటపడ్డాయి. నిచ్చెన వేసుకుని పైకెక్కబోతే హనుమక్క ఆపింది.

“పైన రాస్తేనే గదమ్మా సందు చివరిదాకా కనబడేది” అన్నాడు ఓబళప్ప.

“కనబడాల్సింది సందుకు కాదన్నా. ఆ పని చేసేటపుడు మగోడు ఆకాశం చూడడు, ఎదురుగా చూస్తాడు. మొహానికి మొహం ఉండాల.”

“సరే. ఈ పొట్లం మీద నవ్వుతా ఉండాడు. అట్లే రాయనా?”

“నవ్వేవాని ముందర ఎవురికి సిగ్గు? నోరు మూయించు. చూపు నేరుగా పెట్టు.”

“బ్యాటు?”

“ఉండాల. చేతిలో కట్టె ఉండే మనిషికి ఉండే మర్యాదే వేరు.”

గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ అక్కయమ్మ ఆ బొమ్మ లేచే తీరంతా చూసింది. భుజాల దాకా వచ్చేసరికి ఎవరైనా కావచ్చుననిపించింది. ముక్కు పడ్డాక మనిషయ్యాడు. కంటిపాపల్ని ఓబళప్ప సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. అంతే, ఎటు జరిగినా ఆ చూపు వెంటాడుతుంది. అక్కయమ్మ తన గుమ్మంలో ఆ చివర నిలబడి చూసింది, ఈ చివర నిలబడి చూసింది. రెండుచోట్లా అభిజిత్ ఆమెనే చూస్తున్నాడు. కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది.

మొదటి సాయంత్రమే ఫలితం కనబడింది. సరుకుబండి డ్రైవరొకడు అలవాటుగా వచ్చి నిలబడ్డాడు, తల ఎత్తాడు, “సారీ సార్” అని గొణిగి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తున్న అక్కయమ్మకు నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి.

పేట కుర్రాళ్లకు ఒక క్రికెట్ జట్టుంది. దాని పెద్ద నాగరాజ్, ఆటో నడుపుతాడు. అతనూ అతని జట్టూ వచ్చి బొమ్మ పక్కన ఫొటోలు దిగారు. దూరంనుంచి కూడా జనం రాసాగారు. శుక్రవారం ఆడవాళ్లు ఇవతలి వైపుకు వచ్చారు. హనుమక్క రెండో బుట్ట పెట్టింది.

రోజూ చూసే మొహానికి భయం తక్కువ. వానలు మొదలయ్యేసరికి పాత చుట్టాలు ఒక్కరొక్కరే తిరిగి వచ్చారు. మొదట తల పక్కకు తిప్పుకుని నిలబడ్డారు, తర్వాత ఆ మొహమాటమూ పోయింది. ఒకడైతే ఎడమచేత్తో అభిజిత్ కళ్లు మూసి మరీ పని కానిచ్చాడు. హనుమక్క అరిస్తే పారిపోయేవాళ్లు, ఆమె బుట్టలు సర్దుకుని ఇంటికి పోయాక వచ్చేవాళ్లు. ఆడవాళ్లు మళ్లీ అవతలి వైపు నడిచారు. కొందరు ఫోన్లో నొక్కి ప్లాస్టిక్ డబ్బాల్లో పూలు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. రెండో బుట్ట ఇంట్లో బోర్లా పడింది.

ఆ ఆదివారం బసవరాజు గట్టిగానే చెప్పాడు. “ఇంక చాలు. వాసన పట్టిన పూలు ఎవురికి అమ్ముతావు? నాతో పాటు వచ్చేయ్.”

“నేను లేస్తే ఈ మూల వాళ్లదైపోతాది” అంది హనుమక్క. “మా అత్త కూచున్న చోట వాళ్లు నిలబడేకి నేను ఒప్పను.”

ఆ మాటన్న వారంలోనే, పెద్ద మ్యాచ్ రోజు తెల్లారేసరికి, గోడ మీది అభిజిత్‌కు దండ వేసి ఉంది. పసుపు చామంతుల దండ, నుదుట కుంకుమ బొట్టు, కింద రెండు ఊదొత్తులు. బతికున్న మనిషి బొమ్మకు దండా బొట్టూ ఎందుకు పెట్టరో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాల ప్యాకెట్ కోసం వాకిలి తీసిన అక్కయమ్మ ప్యాకెట్‌ను గడప మీదే వదిలేసింది. బొమ్మ దగ్గరికి వెళ్లింది. చాలా రోజుల తర్వాత గోడ పొడిగా ఉంది. మార్కెట్‌కెళ్లిన హనుమక్క వచ్చి, బుట్ట దించి, ఎప్పటిలాగే నీళ్లు చల్లి కూర్చుంది. దండ వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

దారిన పోయేవాడెవడో దాన్ని ఫొటో తీసి పంపాడు. మధ్యాహ్నానికి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే మనవడు పండు అక్కయమ్మకు ఫోన్ చేశాడు. “అవ్వా, అభిజిత్ పోయాడంట కదా. ఆఫీసులో అందరి ఫోన్లలో మన సందు ఫొటోనే.” సాయంత్రం టీవీలో అతను నిక్షేపంగా బ్యాటు పట్టుకుని నడిచి వచ్చాడు. సందు మొత్తం ఊపిరి పీల్చుకుంది. మొదటి బంతే వేలికి తగిలింది. చేతిని కడుపుకు అదుముకుని అతను వెనక్కి నడిచాడు. మ్యాచ్ పోయింది.

నాగరాజ్ జట్టు వచ్చి దండను పీకి మురుగు మోరీలో పడేసింది. ఎవరు వేశారన్న ప్రశ్నకు పూలబుట్ట పక్కనే ఉన్న మనిషి తప్ప ఇంకెవరు గుర్తొస్తారు? బొమ్మ ఉన్నంతకాలం అతనికి అరిష్టమేనని, ఆదివారం సున్నం కొట్టేస్తామని చెప్పారు. శ్రీనివాసప్ప ఫోన్లోనే ఒప్పుకున్నాడు. “గోడ ఎట్ల పోతే నాకేమప్పా, గొడవ మాత్రం నా దాకా తేవద్దండి” అన్నాడట.

అక్కయమ్మ ఊరుకోలేదు. పిండిమర దగ్గర పదిమందిలో నిలబడి చెప్పింది. “పూలమ్మే మనిషికి తెలీదా, ఏ బొమ్మకు దండ వేయాల, దేనికి వేయకూడదు అని? అది ఎవడో తాగినోని పని. మా పండు మీద ఒట్టు, హనుమక్క వేయలేదు.”

“అట్లైతే ఇది చూడవ్వా” అని నాగరాజ్ ఫోన్ చేతికిచ్చాడు. ఆ ఫొటోయే. అక్కయమ్మ దూరంగా పెట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది. దండ కొసన చిన్న మరువం కుచ్చు వేలాడుతోంది. కొసన మరువం కట్టడం చెన్నమ్మ అలవాటు. ఈ మార్కెట్ చుట్టుపక్కల ఇప్పుడు అలా కట్టేది ఒక్క మనిషే. అక్కయమ్మ ఫోన్ తిరిగిచ్చేసి, పిండి డబ్బా చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. తెలిసిన విషయాన్ని ఎవరికీ చెప్పకుండా ఆమె రెండు పూటలు గడపడం అదే మొదలు. కోడలు భయపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆదివారం కుర్రాళ్లు సున్నం బకెట్, కుంచెలు పట్టుకొచ్చారు. సందంతా గడపల మీదికి వచ్చింది. తను రాసిన మొహాన్ని కడసారి చూసుకుందామని ఓబళప్ప కూడా వచ్చాడు. బసవరాజు పెళ్లాం వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హనుమక్క మాత్రం లేవలేదు. వేళ్లు పూలు కడుతూనే ఉన్నాయి.

“లే హనుమక్కా, సున్నం మీద పడతాది” అన్నాడు నాగరాజ్.

“పడనీలేప్పా. కొట్టు. కొట్టే ముందర ఒక మాట చెప్పు. రేపట్నుంచి ఈడ కాపలా ఎవురు?”

“కాపలా మా పనా?”

“ఈ బొమ్మ పని అది. బొమ్మను తీసేసినోళ్లే ఆ పని చేయాల. పొద్దు మునిగితే నీ జట్టులో ఒకడు వచ్చి నిలబడండి. వచ్చినోణ్ని గుడ్లురిమి చూడండి. నాకు ఎవురైనా ఒకటే.”

కుర్రాళ్లు నవ్వారు. హనుమక్క నవ్వలేదు. తల తిప్పి, “ఓబళప్పన్నా, ఈ మొహాన్ని తుడిపేదేమీ లేకుండా నాగరాజు మొహం చేసేకి అయితాదా?” అని అడిగింది.

ఓబళప్ప కళ్లు చికిలించి గోడనూ నాగరాజ్‌నూ మార్చి మార్చి చూశాడు. “మీసం పెట్టాల, దవడ కొంచెం తగ్గించాల. మధ్యాహ్నం బువ్వ లోపల అయిపోతాది.”

“నా మొహం ఎందుకన్నా” అని నాగరాజ్ ఒక అడుగు వెనక్కేశాడు. “ఈడ వచ్చి అందరూ నా మొహం మీద…”

“పోస్తారు. మీ అభిజిత్ మొహం ముందర ఇన్నాళ్లూ పోసింది అదే గదా” అంది హనుమక్క. “మీకు దండ కనబడింది. ఉచ్చ కనబళ్లేదు. రోజూ పొద్దున నీళ్లు పోసి కడిగింది నేను. కళ్లు మూసి పోసినోణ్ని కూడా చూసినా. వాడు బయటోడు కాదు, మీ జట్టే. పేరు చెప్పమంటావా?”

కుర్రాళ్లలో ఒకడు చెప్పు దారం సరిచేసుకోవడానికి వంగాడు, ఎంతకీ లేవలేదు. వాడు వేసుకున్నవి దారాల్లేని హవాయి చెప్పులని అక్కయమ్మ గమనించింది. నాగరాజ్ కూడా గమనించాడు.

“పేరొద్దులే అక్కా” అన్నాడు చివరికి. “తెచ్చిన సున్నం ఏం చేసేది?”

“కింద కొట్టండి. మొహం జోలికి పోవద్దు.”

తడిసి నల్లబడిన గోడంతా బొమ్మ నడుం దాకా తెల్లబడింది. ఆ పని ఎక్కువగా చేసింది హవాయి చెప్పులవాడే. పొద్దు వాలాక జట్టు అక్కడే ఆడుకునేలా, ఆ తెల్లటి చోట ఓబళప్ప నల్లరంగుతో మూడు వికెట్లు గీశాడు. అక్కయమ్మ తన ఇంటినుంచి తీగ లాగించి బల్బు ఒకటి వేయించింది. కుర్రాళ్ల బంతి ఆమె కిటికీ అద్దాన్ని అప్పుడే ఒకసారి పగలగొట్టింది. ఆమె అరిచింది, బంతిని తిరిగి ఇచ్చేసింది కూడా. శుక్రవారం ఆడవాళ్లలో ఇద్దరు ఇవతలి వైపుకు వచ్చారు. మిగతావాళ్లు ఇంకా చూస్తున్నారు. బసవరాజు సోమవారం తొలి బస్సుకు వెళ్లేటప్పుడు రమ్మన్న మాట ఎత్తలేదు.

బయట మాత్రం దండ కథ తగ్గలేదు. అక్కయమ్మకు లోపల ఇంకొకటి పీకుతోంది. పండు మీద ఒట్టు పెట్టుకుంది, మరువం కుచ్చు చూసింది. అడగకుండా ఎన్నాళ్లుంటుంది? మనవడికి జలుబు చేసిందని ఫోన్ వచ్చిన సాయంత్రం, మూర మల్లెలు కొనే వంకతో వెళ్లి బుట్ట పక్కనే చతికిలబడింది. వికెట్ల దగ్గర కుర్రాళ్లు ఆడుతున్నారు. గొంతు తగ్గించింది.

“హనుమక్కా, నాతో అబద్ధం చెప్పొద్దు. ఆ దండ వేసింది నువ్వేనా?”

హనుమక్క వేళ్లు ఆగలేదు.

“నేనేనమ్మా. దేవుని ముందర నిలబడినారు, ఆటగాని ముందర నిలబడినారు. సచ్చినోని ముందర మటుకు ఆ రాత్రి ఒక్కడూ నిలబళ్లేదు, నువ్వే చూసినావు గదా గోడ. ఇంక ఆ పిల్లోని ఏలు అంటావా, నేను చేత్తో వేసిన దండకే అంత బలముంటే, ఇన్నేళ్లుగా నోటితో నేను తిట్టిన తిట్లకు ఈ పేటలో ఒక్క మగోడన్నా సక్కంగా నడిచి ఇంటికి పోయుంటాడా?”